బోధన్‌కు పంపిన గాజు గుడ్డ

నిజామాబాద్ వెళ్లి వచ్చానంటే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: దేశీకోడి తిన్నావా? తిన్నాను. బాగుంది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు. మిగతాది అంత బాగా లేదు.

నేను వెళ్లింది కోడి కోసం కాదు, ఒక గుడ్డ కోసం. హైదరాబాద్‌లో నేను పనిచేసే ప్రయోగశాలలో గాజు నూలుతో గుడ్డలు తయారుచేస్తాం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "గుచ్చుకోదా?" అంటారు. కట్టుకోవడానికి కాదు, పొగకు అడ్డం పెట్టడానికి. అలాంటి గుడ్డ ఒకటి ఈ చలికాలం మొదట్లో బోధన్ దగ్గర ఒక ఊరికి పంపాం. అక్కడ సాయమ్మ అనే ఆవిడకు బెల్లం వండే పొయ్యి ఉంది. దానికి రోడ్డు అవతల కొత్తగా ఆడపిల్లల హాస్టల్ కట్టారు. పొయ్యి పొగకు పిల్లలు దగ్గుతున్నారని ఫిర్యాదు వచ్చింది. దగ్గుతున్న మాట నిజమే. బెల్లం కాలం ముగిసేలోగా పొగ తగ్గితే పొయ్యి ఉంటుంది, తగ్గకపోతే తీసేయాలి అని పంచాయతీ గడువు పెట్టింది.

గుడ్డ బిగించిన కొత్తలో పొగ దాదాపు మాయమైందట. తర్వాత మెల్లగా తిరిగొచ్చింది. సాయమ్మ ఫోన్ చేసి, "సారు, నీ గుడ్డ అలిసిపోయినట్టున్నది" అంది. పంచాయతీ కూర్చునే రోజు దగ్గర పడింది. వెళ్లి చూసి రమ్మని మా మేడమ్ నన్ను పంపారు. ల్యాబులో జోకులు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. చెడ్డకబురు మోయడానికి అలాంటివాడే నయమని ఆమె అనుకుని ఉంటారు.

ఊరి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఇందల్వాయి దాకా

జూబ్లీ బస్టాండులో బస్సు కదలకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నాను. మాది తెనాలి. అక్కడా ఇదే పద్ధతి. ఈ విషయంలో రెండు రాష్ట్రాల మధ్య పేచీ లేదు.

పక్క సీట్లో ఒక రైతు. పసుపు అమ్మడానికి నిజామాబాద్ మార్కెట్‌కు ముందురోజే సరుకు పంపి, ధర చూడడానికి తాను వెళుతున్నాడు. నేనేం పని చేస్తానని అడిగాడు. రుమాలు చేతిలోనే ఉంది కాబట్టి బస్సునే ఉదాహరణగా తీసుకున్నాను.

మామూలు గాజు అంటే ఇసుకతో అల్లిన వల. ఆ వల సందుల్లో సోడియం కూర్చుని ఉంటుంది. గాజు నూలును వేడి ఆమ్లంలో నానబెడితే సోడియం దిగిపోతుంది, సీట్లు ఖాళీ అవుతాయి. అప్పుడు దాన్ని ప్లాటినం కలిపిన ద్రావణంలో ముంచుతాం. ప్లాటినం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న ఒంటరి పరమాణువులు, ఒక్కొక్కటీ ఒక్కో సీటు చూసుకుని కూర్చుంటాయి. మెల్లగా వేడిచేస్తే వల దగ్గరికి ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్న ఆక్సిజన్లు వాటిని గట్టిగా పట్టుకుంటాయి. ఈ పట్టు కోసమే ఇంత తంటా. వదిలేస్తే లోహం పరమాణువులు వేడికి ఒకచోట చేరి ముద్దకడతాయి. ముద్ద పైన ఉన్నవే పనిచేస్తాయి, లోపలివి ఉత్త జీతగాళ్లు. విడివిడిగా కూర్చోబెడితే మాత్రం చిటికెడు ప్లాటినంతో గుడ్డంతా పనిచేస్తుంది. పొగలో కాలకుండా మిగిలిన ఆవిరంతా ఆ గుడ్డ తాకగానే కాలిపోతుంది. ఇసుక వల పొయ్యి వేడికి కుంగకుండా కాస్త జిర్కోనియం కూడా కలుపుతాం.

జిర్కోనియం దగ్గర ఆయన నిద్రపోయాడు. నా ఉపన్యాసాలకు ఇది కొత్తేమీ కాదు.

ఇందల్వాయిలో టీకి దిగాను. పదిహేను రూపాయలు. గ్లాసు చిన్నది, చక్కెర మాత్రం పెద్ద మనసుతో వేశారు. రుమాలు సీటు మీదే పెట్టి దిగాను. తిరిగి ఎక్కేసరికి నా సీట్లో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే రుమాలు తీసి, మడత కూడా చెడకుండా మర్యాదగా చేతికిచ్చాడు. మిగిలిన దారి నిలబడే వెళ్లాను. సీటు ఆపుకోవడం గురించి అంతసేపు పాఠం చెప్పినవాడికి ఆమాత్రం ప్రాక్టికల్ ఉండాల్సిందే.

డిచ్‌పల్లి

ఇక్కడి యూనివర్సిటీలో నా పాత మిత్రుడు సుధాకర్ కెమిస్ట్రీ చెబుతాడు. ఆ గుడ్డను చట్రంలో పెట్టి పొగగొట్టంలో బిగించింది అతనే. పొగను కొలిచే యంత్రం కూడా అతని దగ్గరే ఉంది. అది తీసుకోవడానికే దిగాను.

క్యాంపస్ క్యాంటీన్‌లో ఉప్మా తింటూ అప్పటి వైభవమంతా చెప్పాడు. గుడ్డ బిగించిన మర్నాడు పొయ్యి మండుతుంటే పొగగొట్టం మీద నీలాకాశం కనపడిందట. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ట్రాక్టర్లలో వచ్చి మరీ చూశారట. అందులో ఏముందని అడిగితే ఇతను ఊరికే ఉండకుండా "బంగారాన్ని మించిన లోహం" అని చెప్పాడు.

"ఎంత ఉందో చెప్పావా?" అని అడిగాను.

"అది చెబితే మర్యాద పోతుంది" అన్నాడు.

నిజమే. ఆ గుడ్డలోని ప్లాటినమంతా కలిపితే ఆవగింజ కూడా కాదు. కానీ బంగారాన్ని మించినదన్న మాట ఊళ్లోకి వెళ్లాక దాని బరువు ఎవరడుగుతారు?

నిజామాబాద్

ఊళ్లోకి అడుగుపెడితే పసుపు వాసన ముందుగా పలకరిస్తుంది. మార్కెట్ వీధిలో గోడలకూ, హమాలీల కాళ్లకూ, కుక్కలకూ అదే రంగు. మా వైపు పసుపు గడపకు రాస్తారు. ఇక్కడ ఊరికే రాసినట్టుంది.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, సందులో ఒక మెస్‌కు వెళ్లాను. దేశీకోడి కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. పచ్చిపులుసు పేరుకు తగ్గట్టు పచ్చిదే. చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి వేసి, పొయ్యి మొహం చూపకుండా వడ్డిస్తారు. తెనాలిలో చారు కాచకుండా వడ్డిస్తే మగపెళ్లివారు లేచి వెళ్లిపోతారు. నేను మాత్రం మూడుసార్లు పోయించుకున్నాను.

మెస్ అరుగు మీద ఒకావిడ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ చేతులవే. కళ్లు మాత్రం నా మీద. ఎక్కడికి, ఎందుకు అని ఆరా తీసింది. బెల్లం పొయ్యి పొగ ఆపే పని మీద వచ్చానని చెప్పాను. చేతులు ఆపకుండానే నవ్వింది.

"మేం పొద్దుగాల్నుంచి పొగ చుడుతనే ఉన్నం. నువ్వేమో పొగ ఆపుతా అని పట్నంకెళ్లి వచ్చినవ్. మంచిగనే ఉన్నది సారు మన పని."

నువ్వు చుట్టే పొగకు ఇంకా గుడ్డ కనిపెట్టలేదు, భయపడకు అన్నాను. ఎవరన్నా కనిపెడితే ముందు తనకు చెప్పమంది. అప్పుడు గల్ఫ్‌లో ఉన్న మొగుణ్ణి వెనక్కి పిలిపించుకుని, ఆయన చేతికే ఈ చాట ఇస్తుందట.

బోధన్

మర్నాడు పొద్దున్నే బోధన్ చేరాను. ఒకప్పుడు ఈ ఊరికి చక్కెర ఫ్యాక్టరీ సైరనే గడియారమట. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. పొగగొట్టం ఇంకా నిలబడే ఉంది, దాన్నుంచి పొగ రావడం లేదు. పొగ లేని పొగగొట్టాన్ని చూస్తే నాకు వృత్తిరీత్యా సంతోషం కలగాలి. కలగలేదు.

సంతలో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే తక్కెడలో తూగుతున్నాయి. బత్తాయిలమ్మే ఆవిడ నాతో తెలుగులో ధర చెప్పి, పక్కామెతో మరాఠీలో నా గురించి ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ధర మాత్రం తగ్గలేదు.

ఆటోవాడు ఊరికి రెండు వందలన్నాడు. నూటయాభైకి ఒప్పించానని గర్వపడేలోపే దారిలో ఇంకో నలుగుర్ని ఎక్కించుకున్నాడు. దారి పొడవునా చెరుకు లారీలు. ఇక్కడి చెరుకు ఇప్పుడు దూరంలో ఉన్న ఫ్యాక్టరీలకు వెళుతుంది. అక్కడ వరసలో ఎండుతుంది, ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది. ఆ బాధ పడలేని చిన్న రైతులు సాయమ్మ పొయ్యికి తోలతారు. ఆ పొయ్యి పోతే వాళ్లకు మిగిలేది లారీ వరసే.

సాయమ్మ పొయ్యి

దూరం నుంచే కనిపించింది. తాటాకు పాక, పక్కన రసం తీసే గానుగ, పొయ్యిలో కాల్చడానికి ఆరబెట్టిన పిప్పి కుప్పలు, పొయ్యి మీద మంచమంత కడాయి. పొగగొట్టం నుంచి బూడిదరంగు పొగ బద్ధకంగా లేచి, సరిగ్గా రోడ్డు దాటి, హాస్టల్ మీద వాలుతోంది. యంత్రం పెట్టి కొలిచాను. అంకె చూశాక ఇంకోసారి కొలిచాను. యంత్రం మాట మార్చలేదు.

సాయమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక పొయ్యి ఆమే నడుపుతోంది. కూలీలకు పని చెబుతూనే పాకం ముదురు చూస్తుంది, అదే చేత్తో నాకు టీ పోసింది. ఆమె అత్త లచ్చవ్వ ఎప్పుడూ పొయ్యి నోటి దగ్గరే కూర్చుంటుంది. వయసు ఆమెకే తెలియదు. నన్ను చూడగానే గుడ్డ పంపిన బిడ్డవు నువ్వేనా అని తల నిమిరింది.

వేడి పాకాన్ని చెరుకు ముక్క మీద వేసి నాకిచ్చారు. నాలుక కాలింది. అయినా ఇంకో ముక్క అడిగాను. శాస్త్రవేత్తలు అనుభవం నుంచి నేర్చుకుంటారనేది పుకారు మాత్రమే.

నేను నాలుక ఊదుకుంటుంటే కడాయిలో కొత్త రసం పోశారు. లచ్చవ్వ లేచి, గుప్పెడు దొడ్డుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు తీసుకుని కడాయి చుట్టూ తిప్పింది. తర్వాత తలెత్తి పొగగొట్టం వైపు చేయి చాపి మూడుసార్లు తిప్పి, పొయ్యి నోట్లో వేసింది. ఉప్పు చిటపటలాడింది. కొత్త రసం పోసిన ప్రతిసారీ ఇదే. మా అమ్మా దిష్టి తీస్తుంది గానీ ఉప్పును నీళ్లలో కలిపి తూములో పోసేస్తుంది. ఈ తేడా నాకు ముచ్చటగా తోచింది. పొగగొట్టానికి కూడా దిష్టి ఎందుకని అవ్వను అడిగాను.

"నీ గుడ్డకే బిడ్డ. దాన్ని సూడనీకి ఊర్లకు ఊర్లొచ్చినయ్. బంగారం కంటె ఎక్కువ ఉన్నదట గదా దాంట్ల. అందరి కండ్లు ఒక్కతీర్గ ఉండయి."

నేను చాలా థాంక్స్ అవ్వా అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

కందకుర్తి

గుడ్డ దించాలంటే పొయ్యి చల్లారాలి. సాయమ్మ ఆ రాత్రే మంట ఆపించింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాలి, ఈలోగా కందకుర్తి చూసి రమ్మంది. "ఇంత దూరం వచ్చి పొయ్యి సూసి పోతవా సారు" అని నవ్వింది.

కందకుర్తిలో మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో మునిగిపోయే రాతి గుడి ఒకటి నది మధ్యలో ఉంది. నేను వెళ్లేసరికి నది ఒదిగి ఉంది, ఇసుక మీద నడుచుకుంటూ పోవచ్చు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ఒక ముసలాయన తల్లి అస్థికలు కలిపి వచ్చి, తడి బట్టలతో నా పక్కనే కూర్చున్నాడు. దేగ్లూర్ వైపు నుంచి వచ్చాడట, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం మాత్రం సగమే. నాకు మరాఠీ అదీ లేదు. ఇద్దరం ఒక కొబ్బరిచిప్ప పంచుకుని తిన్నాం. వెళ్లేముందు ఆయన నీళ్లవైపు చూపించి ఏదో చెప్పాడు. అర్థం కాకపోయినా తలూపాను.

వచ్చేటప్పుడు చెప్పు ఇసుకలో దిగబడి తెగింది. ఒంటికాలి చెప్పుతో సాయమ్మ ఇంటికి చేరాను. లచ్చవ్వ తన కొడుకు పాత చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. ఇన్నేళ్లుగా దాచి ఉంచినవి. ఒక సైజు పెద్దవి.

వంటింట్లో

మధ్యాహ్నం పొగగొట్టం మూత తీసి చట్రం బయటికి లాగాం. పంపేటప్పుడు లేత గోధుమ రంగులో, మెత్తగా, పట్టుగుడ్డలా ఉండేది. ఇప్పుడు తెల్లటి పొర పట్టి నిగనిగలాడుతోంది. అక్కడక్కడా బూడిదరంగు చుక్కలు. వేలు పెడితే అప్పడంలా విరిగింది.

ఆ చుక్కలు చూడగానే విషయం సగం తెలిసిపోయింది. అవి ప్లాటినం ముద్దలు. పట్టు తప్పి, సీట్లు వదిలి ఒకచోట చేరాయి. పిప్పి బూడిద పైకి రాకుండా ముందే అడ్డుగోడ కట్టించాం. మరి ఇదేమిటి? ల్యాబులో ఏదీ నాలుక మీద పెట్టొద్దని పిల్లలకు ఏటా చెబుతాను. చుట్టూ చూసి, ఒక తునక నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

నమ్మకం కుదరక సాయమ్మ వంటింట్లోకి వెళ్లి గ్యాస్ పొయ్యి వెలిగించి, తునకను పట్టకారుతో మంటలో పెట్టాను. నీలి మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా భగ్గుమంది. సోడియం వచ్చిందంటే మంట ఇలాగే చెబుతుంది. దిగిపోయినవాడు మళ్లీ ఎక్కాడు.

సాయమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏమైందని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. పొయ్యిలో వేసిన ఉప్పు ఆ వేడికి ఆవిరై పొగతో పైకి వెళ్తుంది. ఆవిరికి అడ్డుగోడ అడ్డం కాదు. ఆ ఉప్పులోని సోడియం గాజులోకి దూరి వలను మెత్తబరిచింది, ప్లాటినాన్ని లేపేసింది. ఒకటి రెండు గుప్పిళ్లయితే ఏమయ్యేది కాదు. రోజంతా, కొత్త రసం పోసిన ప్రతిసారీ, ఇన్ని వారాలు. గుడ్డతో పాటు పంపిన జాగ్రత్తల్లో తడపొద్దు, ఉతకొద్దు, మడవొద్దు అని రాశాం. దిష్టి తీయొద్దు అని రాయాలని మాలో ఎవరికీ తోచలేదు.

సాయమ్మ ముందు నవ్వింది. తర్వాత నేల మీద కూర్చుంది.

దారి ఉందక్కా అన్నాను. రేపు పంచాయతీలో కారణం ఇదని చెబితే చాలు, ఇంకో గుడ్డ పంపిస్తాం, ఒక్క సీజన్ గడువు అడుగుదాం. మేడమ్‌కు అప్పుడే ఫోన్ చేశాను కూడా. కారణం రాసిస్తే ఇంకో గుడ్డ ఇవ్వొచ్చు, రాయకపోతే లేదు అన్నారామె. సాయమ్మ పెరటి వైపు చూసింది. అక్కడ లచ్చవ్వ ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"మా ఆయన గానుగల చెయ్యి పడి పోయిండు సారు. ఆ దినం అవ్వకు జరం, దిష్టి తియ్యలే. తీస్తే కొడుకు దక్కేటోడని గిప్పటికీ అంటది. ఇన్నేండ్లు పొయ్యి కాడికెళ్లి లేవలే. గిప్పుడు అవ్వా నువ్వు దిష్టి తీసినందుకే పొయ్యి పోతున్నదని ఊరంత కూసున్న కాడ చెప్తే, ఆమె ఏడ నిలవడాలె?"

 పోనీ, బూడిద వల్ల అని చెబుదామన్నాను. కొత్త గుడ్డ వచ్చాక ఉప్పు పొయ్యిలో కాకుండా ఇంకెక్కడైనా వేయమని అవ్వకు నచ్చజెబుదామన్నాను.

"వద్దంటే ఎందుకొద్దని అడుగుతది. కొడుకు పేరు మీద మొక్కింది. దానికంటె పెద్ద కారణం నీ కాడ ఏమన్న ఉన్నదా?"

లేదు. మెల్లగా తగ్గించమందాం, కొద్దికొద్దిగా వేయమందాం, ఇలా ఇంకో రెండు మూడు మాటలు అన్నాను. ప్రతిదానికీ ఆమె తలూపింది. ఒప్పుకునే తలూపు కాదది. మనిషి కష్టపడి మాట్లాడుతున్నాడు కదా అని గౌరవించే తలూపు.

పంచాయతీ ఆఫీసు

పొద్దున్నే ఆఫీసు వరండాలో బెంచీలు వేశారు. సర్పంచ్, హాస్టల్ వార్డెన్, చెరుకు తోలే రైతులు కొందరు. లచ్చవ్వ కూడా వచ్చి గోడకానుకుని కూర్చుంది. తెగిన నా చెప్పు సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. ఆమె కొడుకు చెప్పులు వేసుకుని కూర్చున్న నన్ను అందరూ ఒకసారి కిందా పైనా చూశారు.

వార్డెన్ చెడ్డమనిషి కాదు. పిల్లలు దగ్గుతుంటే తాను తలుపులు మూయడం తప్ప ఏం చేయగలనని అడిగింది. గుడ్డ కొత్తలో పొగ తగ్గిన మాట కూడా ఆమే ఒప్పుకుంది. సర్పంచ్ నావైపు తిరిగాడు. మంచిగ పనిచేసిన గుడ్డ ఎందుకు పాడైంది, కారణం తెలిస్తే చెప్పండి, ఇంకో ఏడాది చూద్దాం అన్నాడు. రైతులు నా నోటివైపు చూస్తున్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా సాయమ్మ లేచింది.

"గుడ్డనే మంచిగ లేదు సర్పంచ్ సాబ్. గంత ఖరీదుది అన్నరు, అప్పడం తీర్గ పొడిపొడి అయింది. ఇంకోటి తెచ్చినా గంతే. సారునే అడుగుండ్రి."

నావైపు చూసింది. అంత తిన్నగా మా మేడమ్ కూడా నన్ను ఎప్పుడూ చూడలేదు.

"అవునండీ. గుడ్డలోనే లోపం ఉంది" అన్నాను.

ఆ ఒక్క మాటతో మా ల్యాబులో నలుగురు కొన్నేళ్లపాటు చేసిన పని బోధన్ చుట్టుపక్కల చెల్లకుండా పోయింది. అది పెద్ద బాధ కాదు. మావి చెల్లనివి ఇంకా చాలా ఉన్నాయి. వెనక బెంచీ మీద ఒక రైతు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆయన వెనకే ఇంకొకాయన. పొయ్యి తీసేయాలని తీర్మానం అయింది. వార్డెన్ సాయమ్మ దగ్గరికొచ్చి చేయి పట్టుకుంది. 

మేడమ్‌కు ఫోన్ చేసి, కారణాలు స్థానికమైనవి, రాసే రకం కావు అన్నాను. ఈసారి కూడా జోకేననుకున్నారు.

బయల్దేరేముందు

మధ్యాహ్నం కడాయి దించారు. దించడానికి చాలామంది పట్టారు. దాని కింద ఇన్నేళ్లు మండిన పొయ్యి లోపల నల్లగా, నున్నగా ఉంది. సాయమ్మ పక్కన నిలబడి, మూలకు తగలకుండా జాగ్రత్త అని చెబుతోంది. ఇక దేనికి జాగ్రత్తో ఎవరూ అడగలేదు. రోడ్డు మీద చెరుకు బండి ఒకటి వచ్చి, ఆగి, వెనక్కి తిరిగింది.

సెలవు తీసుకోవడానికి లచ్చవ్వ దగ్గరికి వెళ్లాను. చెప్పులు విడిచి ఆమె ముందు పెడితే మళ్లీ నా కాళ్ల దగ్గరికే జరిపింది. పోయేటప్పుడు ఉత్తకాళ్లతో ఎట్లపోతవ్ అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. పంచాయతీలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నందుకు నాకు మనసు చిన్నబోయిందని అనుకున్నట్టుంది. నా గడ్డం పట్టుకుంది.

"పరేషాన్ గాకు బిడ్డ. సదువుకున్నోళ్లకు గూడ ఒక్కొక్కపారి తప్పైతది. నీ శాతనైంది నువ్వు జేసినవ్. దాన్ని కాపాడనీకి మా శాతనైంది మేం జేసినం."

"అవునవ్వా, మీవైపు నుంచి ఏ లోటూ జరగలేదు" అన్నాను.

సాయమ్మ మాకు వీపు పెట్టి కడాయి తుడుస్తోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది.

అవ్వ చివరి వంట బెల్లం ఒక ముద్ద కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది. ఇంటికొచ్చి దాన్ని డబ్బాలో పెట్టి అల్మరాలో ఉంచాం. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, తీయనా అని. మా ఇంట్లో టీలో ఇంకా పంచదారే వేసుకుంటున్నాం.